ప్రభుత్వ బడిలో ఆగని, భద్రమైన ఇంటర్నెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రభుత్వ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. కంప్యూటర్ల సంగతి తెలిసిన ఉద్యోగి ప్రత్యేకంగా ఎవరూ లేని బడిని దృష్టిలో పెట్టుకుని వీటిని రాశాను, ఎందుకంటే మన బడుల్లో ఎక్కువ భాగం అలాంటివే.

మా బడికి ఇంటర్నెట్ ఉన్నట్టు యూడైస్‌లో నమోదై ఉంది. తరగతి గదిలో మాత్రం వీడియో తెరుచుకోదు. లోపం ఎక్కడ ఉంది?

యూడైస్ ప్లస్ (దేశంలోని బడుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ వ్యవస్థ) నమోదు సదుపాయం ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. దేశంలోని బడుల్లో ఇంటర్నెట్ ఉన్నవి 2023-24 నివేదిక ప్రకారం 53.9 శాతం కాగా, 2024-25 నాటికి 63.5 శాతానికి చేరాయి. ఈ పెరుగుదల సంతోషించదగినదే. అయితే ప్రధానోపాధ్యాయుల గదిలోని ఒక్క కంప్యూటరుకు మాత్రమే నెట్ వచ్చే బడి, పది గదుల్లోనూ రోజంతా పాఠం నడిచే బడి ఈ లెక్కలో ఒకే వరుసలో నిలుస్తాయి. పిల్లలకు కావలసింది రెండోది.

లోపం బయటి లైనులో ఉందా, బడి లోపల ఉందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఒక ల్యాప్‌టాప్‌ను రౌటరుకు కేబుల్‌తో నేరుగా కలిపి వేగం కొలవండి. తరువాత అదే గదిలో వైఫై మీద, ఆ పైన చివరి తరగతి గదిలో వైఫై మీద కొలవండి. కేబుల్ మీదే వేగం తక్కువగా ఉంటే ఫిర్యాదు కనెక్షన్ ఇచ్చిన సంస్థకు వెళ్లాలి. కేబుల్ మీద బాగుండి చివరి గదిలో పడిపోతుంటే ఆ సంస్థ ఉద్యోగి ఎన్నిసార్లు వచ్చినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే సరిచేయవలసింది బడి లోపలి ఏర్పాటు. ఈ పరీక్ష చేయకుండానే ప్యాకేజీ మార్చి నెలనెలా ఎక్కువ డబ్బు కట్టే బడులు ఉన్నాయి. దయచేసి ముందు కొలవండి.

ఎంత వేగం కావాలి?

720 పిక్సెళ్ల నాణ్యతలో పాఠం వీడియో ఒకటి నడవడానికి సుమారు 2.5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 1080 పిక్సెళ్లకు సుమారు 5 ఎంబీపీఎస్ సరిపోతాయి. ఎనిమిది గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (తాకితే పనిచేసే పెద్ద తెరలు) ఒకేసారి నడిచి, ల్యాబులో ఇరవై కంప్యూటర్లు తెరిచి ఉన్నా, సక్రమంగా అందే 100 ఎంబీపీఎస్ లైను మూడు నాలుగు వందల మంది పిల్లలున్న ఉన్నత పాఠశాలకు చాలు. ప్రభుత్వ నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2023 జనవరి నుంచి ఉన్న కనీస వేగం 2 ఎంబీపీఎస్ మాత్రమే. అందువల్ల 'బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చాం' అన్న మాటతో తృప్తి పడకుండా ఎంత వేగమో కాగితం మీద రాయించుకోవాలి.

వేగం కన్నా నిలకడ ముఖ్యం. ఊళ్లలో ఇచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఎక్కువ భాగం జీపాన్ పద్ధతిలో నడుస్తాయి. ఒక ప్రధాన తీగలో వచ్చే సుమారు 2.5 గిగాబిట్ల వేగాన్ని 32 లేదా 64 కనెక్షన్లు పంచుకుంటాయి. ఒకే పైపు నుంచి వీధిలోని కుళాయిలన్నిటికీ నీళ్లు వచ్చినట్టే, అందరూ ఒకేసారి తిప్పితే ధార సన్నబడుతుంది. కాబట్టి ఆదివారం సాయంత్రం కొలిచిన వేగాన్ని నమ్మకండి. పని దినాల్లో ఉదయం తొమ్మిదింటికి, పదకొండింటికి, మధ్యాహ్నం మూడింటికి కొలిచి, తేదీతో సహా పుస్తకంలో రాయండి.

అప్‌లోడ్ వేగాన్ని చాలామంది పట్టించుకోరు. ఉదయం బడి తెరిచే వేళకు ఉపాధ్యాయులందరూ ముఖ హాజరు వేస్తారు, ఆ తరువాత విద్యార్థుల హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు వెళ్లాలి. ఇవన్నీ పైకి పంపే పనులు. డౌన్‌లోడ్ 100 ఉండి అప్‌లోడ్ 5 ఉన్న లైను మీద ఆ అరగంట నరకంగా మారుతుంది. రెండు వైపులా సమానమైన వేగం ఇచ్చే ప్యాకేజీని అడగండి, ఫైబర్ మీద అది ఇవ్వడం కష్టమేమీ కాదు.

ఏ కనెక్షన్ తీసుకోవాలి?

ఫైబర్ అందే చోట ఫైబర్ తప్ప మరో ఆలోచన అవసరం లేదు. అది ఎవరి ద్వారా వస్తుందన్నది ఊరిని బట్టి ఉంటుంది. గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చే జాతీయ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2011లో ఆమోదం ఇచ్చింది, తరువాత దానికి భారత్‌నెట్ అన్న పేరు వచ్చింది. 2023 ఆగస్టులో దాని సవరించిన రూపానికి 1.39 లక్షల కోట్ల రూపాయలతో ఆమోదం లభించింది. గ్రామాల్లోని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలన్నిటికీ దీని ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు. మీ బడి ఆ జాబితాలో ఉందో లేదో మండల విద్యాధికారి ద్వారా రాతపూర్వకంగా అడగండి. పంచాయతీ కార్యాలయం వరకు తీగ వచ్చి, అక్కడి నుంచి నాలుగు వందల మీటర్ల దూరంలోని బడికి రాకుండా ఆగిపోయిన ఊళ్లలో ఆ ఉత్తరమే పనిని కదిలిస్తుంది.

ఇవి కాక ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఫైబర్‌నెట్, తెలంగాణలో టీ-ఫైబర్, రెండు చోట్లా బీఎస్ఎన్ఎల్, ప్రైవేటు సంస్థలు, ఊరి కేబుల్ ఆపరేటర్లు ఉంటారు. ఎవరిని ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఒక గట్టి కొలమానం ఉంది. తీగ తెగితే అతికే మనిషి ఎంత దూరంలో ఉంటాడో అడగండి. నలభై కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద సంస్థ కన్నా, మండల కేంద్రంలో అతుకు యంత్రం ఉన్న చిన్న ఆపరేటరే బడికి నయం.

మా ఫైబర్ మాటిమాటికీ తెగిపోతోంది. ఎందుకు? మేం ఏమైనా చేయగలమా?

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఆ తీగను అధిక భాగం భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. అందువల్ల పని తక్కువ ఖర్చుతో త్వరగా జరిగింది. అదే కారణంగా, తుపాను గాలికి స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు నెట్ కూడా పోతుంది. 2018లో తిత్లీ శ్రీకాకుళం మీద, 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల తీరం మీద విరుచుకుపడినప్పుడు కూలినవి స్తంభాలే. తుపాను లేని రోజుల్లోనూ గడ్డివాములా నింపుకున్న ట్రాక్టరు, చెరకు లారీ రోడ్డు దాటే చోట కిందికి వేలాడుతున్న తీగను లాగేస్తాయి. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు వేశారు. దానికి గాలి భయం లేదు గాని, రోడ్డు వెడల్పు చేసే పొక్లెయిన్‌తో ప్రమాదం ఉంది.

ఊరి తీగను మీరు కాపాడలేరు. బడి ఆవరణలోని తీగను కాపాడగలరు, తెగే చోట్లలో అది కూడా ఒకటి. గేటు దగ్గర తీగ బస్సు ఎత్తుకు పైన ఉందా, గోడలోంచి వచ్చే చోట ఎలుకలు కొరకకుండా గొట్టంలో ఉందా, తీగ చివరనున్న ఫైబర్ పెట్టె వెనక పసుపు రంగు తీగ మడత పడి ఉందా అని చూడండి. ఫైబర్‌ను వేలి చుట్టూ చుట్టినంత బిగువుగా వంచితే తెగకపోయినా అందులోంచి వెలుగు బయటికి పోతుంది.

ఫిర్యాదు చేసేటప్పుడు 'నెట్ రావడం లేదు' అని మాత్రమే చెబితే మీ వంతు చివరకు జరుగుతుంది. పెట్టె మీద 'లాస్' (LOS) అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే వెలుగు అసలు అందడం లేదని అర్థం, అంటే తీగ తెగి ఉండాలి. ఎరుపు లేకుండా 'పాన్' (PON) దీపం మినుకుమినుకుమంటుంటే సంకేతం బలహీనంగా ఉండవచ్చు, లేదా అవతలి కేంద్రంలో సమస్య ఉండవచ్చు. పెట్టె సెట్టింగుల పేజీలో అందుతున్న వెలుగు బలం డీబీఎంలలో కనిపిస్తుంది. అది మైనస్ 27 కంటే దిగజారితే చాలా పెట్టెలు పని చేయవు, మైనస్ 25 దగ్గర ఉంటే వర్షం పడిన రోజు పోవచ్చు. ఆ అంకెను ఫోనులో చెప్పగలిగిన ఉపాధ్యాయుడి ఫిర్యాదును టెక్నీషియన్ వేరుగా చూస్తాడు.

కరెంటు పోయినప్పుడు నెట్ పోకుండా ఏం చేయాలి?

చాలా బడుల్లో 'నెట్ పోయింది' అనుకునే సందర్భాల్లో నిజానికి పోయింది కరెంటు. ఫైబర్ తీగకు బడిలో కరెంటు అవసరం లేదు, దాని చివరనున్న పెట్టెకు కావాలి. ఫైబర్ పెట్టె, రౌటరు, నెట్‌వర్కు స్విచ్ (ఒక లైనును చాలా కేబుళ్లకు పంచే పెట్టె), రెండు మూడు వైఫై పరికరాలు అన్నీ కలిపి సుమారు 50 వాట్లు తీసుకుంటాయి. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న మామూలు ఇన్వర్టరు ఆ 50 వాట్లను బడి పనివేళలన్నీ దాటి మోయగలదు. తంటా ఎక్కడ వస్తుందంటే, అదే ఇన్వర్టరుకు ఫ్యాన్లు, వందల వాట్లు తాగే ప్యానెళ్లు కూడా తగిలిస్తారు. నెట్‌వర్కు పరికరాలకు విడిగా లైను వేయించండి. అంత డబ్బు లేకపోతే, పెట్టెకూ రౌటరుకూ సరిపోయే 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొన్నా రెండు మూడు గంటలు గడుస్తాయి.

పిడుగుల కాలంలో ఎర్తింగ్ మీద శ్రద్ధ పెట్టాలి. ఫైబర్ గాజు గనుక దాని గుండా పిడుగు రాదు, కరెంటు లైను గుండానూ, భవనాల మధ్య బయట లాగిన రాగి కేబుల్ గుండానూ వస్తుంది. ఒక భవనం నుంచి మరో భవనానికి రాగి కేబుల్ లాగకుండా ఫైబర్ వేయించాలని గట్టిగా చెప్పడానికి ఇదే కారణం. రాగి కేబుల్‌కు వంద మీటర్ల హద్దు ఎలాగూ ఉంది.

చివరి గదులకు వైఫై అందడం లేదు. పెద్ద యాంటెన్నాల రౌటరు కొంటే సరిపోతుందా?

సరిపోదు. రౌటరు అరుపు చివరి గదికి వినిపించినా, ఆ గదిలోని ట్యాబు జవాబు రౌటరుకు వినిపించాలి కదా. మన బడుల పాత భవనాల్లో రాతి గోడలు, కొత్త భవనాల్లో కాంక్రీటు, రెండూ సంకేతాన్ని మింగేస్తాయి. గోడకు గట్టిగా బిగించి ఉండే ప్యానెల్‌కు వైఫై ఎందుకు? కదలని ప్రతి పరికరానికీ క్యాట్-6 నెట్‌వర్కు కేబుల్ వేయండి. ప్యానెళ్లు, ల్యాబు కంప్యూటర్లు, ఆఫీసు కంప్యూటరు కేబుల్ మీదికి వెళితే వైఫై మీద ట్యాబులూ ఫోన్లూ మాత్రమే మిగులుతాయి, సగం సమస్య అక్కడే తీరుతుంది.

మిగిలిన దానికి వరండాలో రెండు మూడు గదులకు ఒకటి చొప్పున చిన్న వైఫై పరికరాలు అమర్చి, వాటినీ కేబుల్‌తోనే స్విచ్‌కు కలపాలి. వైఫై తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గాని గోడ దాటేసరికి బాగా బలహీనపడుతుంది, 2.4 గిగాహెర్ట్జ్ గోడను మెరుగ్గా దాటుతుంది గాని రద్దీగా ఉంటుంది. 2.4 మీద నడిపేటప్పుడు పక్కపక్క పరికరాలకు 1, 6, 11 ఛానెళ్లను మార్చి మార్చి పెట్టించండి. ఇది డబ్బు ఖర్చు లేని సవరణ.

నెట్ అసలే లేని రోజు పాఠం ఆగిపోవలసిందేనా?

ఆగనక్కరలేదు. రెండో దారిగా సిమ్ వేసే 4జీ రౌటరు ఒకటి ఉంటే హాజరు, ఆఫీసు పనులు గడిచిపోతాయి. దాని మీద వీడియోలు నడపాలని చూడకండి. పాఠాల విషయంలో ముందుచూపు ఎక్కువ పని చేస్తుంది. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్షా యాప్‌లోని పాఠాలను, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ల వెనకున్న వీడియోలను, ముందే దింపి పెట్టుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం పిల్లలు వెళ్లాక వచ్చే వారం పాఠాలు దింపే అలవాటు చేసుకున్న ఉపాధ్యాయులకు నెట్ పోవడం పెద్ద విషయంగా ఉండదు.

ఇంకొక మెట్టు పైకి వెళితే, కొలిబ్రి వంటి ఉచిత సాఫ్ట్‌వేరును ఒక పాత కంప్యూటరులోనో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరులోనో పెట్టి బడి లోపలే పాఠాల భాండాగారం నడపవచ్చు. వికీపీడియాను కివిక్స్ ద్వారా మొత్తంగా దింపి పెట్టుకోవచ్చు, తెలుగు వికీపీడియా సహా. ఇది బయటి లైను మీద భారాన్ని కూడా తగ్గిస్తుంది, ఎందుకంటే నలభై మంది పిల్లలు ఒకే వీడియోను నలభై సార్లు బయటినుంచి తెచ్చుకోవలసిన పని ఉండదు. టీవీ ఉన్న బడికి పీఎం ఈ-విద్య ఛానెళ్లు డీడీ ఫ్రీ డిష్ మీద ఉచితంగా వస్తాయి.

మాది ఏజెన్సీ ఊరు. ఫైబర్ రాదు, ఫోన్ సిగ్నల్ కొండ ఎక్కితే గాని రాదు. మాకు దారి ఏమిటి?

పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, భద్రాచలం పరిసరాల బడులకు మైదాన ప్రాంతపు సలహా పనికిరాదు. సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ చేర్చే ప్రాజెక్టును కేంద్రం 2022 జూలైలో ఆమోదించి బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. మీ ఊరు అందులో ఉందో లేదో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. దగ్గరలో టవరు వచ్చాక, లోయలో ఉన్న బడికి మామూలు డాంగిల్ చాలదు. పైకప్పు మీద ఎత్తైన గొట్టానికి దిశ చూసి బిగించే బయటి యాంటెన్నా ఉన్న 4జీ రౌటరు పెడితే, ఫోనులో ఒక్క గీత కూడా నిలవని చోట పనికొచ్చే వేగం వస్తుంది.

ఉపగ్రహం ద్వారా వచ్చే వీశాట్ చివరి మార్గం. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది గనుక మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను దాటుతుంది. వీడియో చూడటానికి అది అడ్డం కాదు, ఎదురుబదురు మాట్లాడటానికి ఇబ్బంది. పైన చెప్పిన బడి లోపలి పాఠాల భాండాగారం అందరికన్నా ముందు చేరవలసింది ఈ బడులకే. సోలారు పలకతో నడిచే ఒక చిన్న కంప్యూటరు, దానిలో నిండుగా పాఠాలు, నెలకొకసారి మండల కేంద్రంలో కొత్త పాఠాలు నింపుకుని వచ్చే ఏర్పాటు ఉంటే గిరిజన పిల్లలు ఫైబర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడనక్కరలేదు.

భద్రత ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

రౌటరు అడ్మిన్ పాస్‌వర్డ్ నుంచి. టెక్నీషియన్ బిగించిన నాటి పాస్‌వర్డే ఇప్పటికీ ఉంటే, వైఫై అందిన ప్రతి వ్యక్తీ సెట్టింగులు మార్చగలడు. దాన్ని మార్చి, కొత్తదాన్ని కాగితం మీద రాసి, సీలు చేసిన కవరులో బీరువాలో పెట్టండి. వైఫైకి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణ పద్ధతిని ఎన్నుకోండి, బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్‌ను ఆపండి, ఏడాదికి రెండుసార్లయినా రౌటరు సాఫ్ట్‌వేరును తాజా చేయించండి.

తరువాత నెట్‌వర్కును మూడుగా విడదీయించండి. ఆఫీసు కంప్యూటరుకు ఒకటి, తరగతి గదులకూ ల్యాబుకూ ఒకటి, ఉపాధ్యాయుల, అతిథుల ఫోన్లకు ఒకటి. ఇలా చేస్తే ల్యాబులో ఎవరో పెన్‌డ్రైవుతో తెచ్చిన వైరస్, పదో తరగతి నామినల్ రోళ్లు (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలు), జీతాల బిల్లులు ఉన్న ఆఫీసు కంప్యూటరును చేరలేదు. సీసీ కెమెరాలు ఉంటే వాటినీ విడిగా పెట్టించి, వాటి పాస్‌వర్డ్ మార్చండి. పిల్లల దృశ్యాలు బయటివారి చేతికి చిక్కే దారుల్లో పాస్‌వర్డ్ మార్చని కెమెరా ఒకటి.

చెడు వెబ్‌సైట్లు పిల్లల కంట పడకుండా ఎలా అడ్డుకోవాలి?

ఖర్చు లేని మార్గం డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేరును బట్టి దాని చిరునామా వెతికే సేవ) వడపోత. రౌటరు సెట్టింగుల్లో డీఎన్ఎస్ చిరునామాగా 1.1.1.3 అని పెడితే, క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఉచితంగా నడిపే ఈ సేవ అశ్లీల వెబ్‌సైట్లను, వైరస్‌లు వ్యాపింపజేసే వెబ్‌సైట్లను తెరవనివ్వదు. క్లీన్‌బ్రౌజింగ్ వంటి సేవలు కూడా ఉన్నాయి. గూగుల్ సేఫ్ సెర్చ్‌నూ, యూట్యూబ్ పరిమిత పద్ధతినీ బడి నెట్‌వర్కు మొత్తానికి తప్పనిసరి చేయవచ్చు. ఆఫీసు నెట్‌వర్కుకు ఈ వడపోత ఉండటం వల్ల నష్టం లేదు, అక్కడా ఉంచండి.

దీని హద్దులు కూడా తెలుసుకోవాలి. వీపీఎన్ (వడపోతకు కనిపించకుండా వేరే దారిలో నెట్ వాడనిచ్చే యాప్) వాడే విద్యార్థి దీన్ని దాటగలడు. సొంత సిమ్ ఉన్న ఫోనును ఇది తాకదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అతిగా వడపోస్తే చదువుకే అడ్డం వస్తుంది. పదో తరగతి జీవశాస్త్రంలో పునరుత్పత్తి పాఠం చెబుతున్న ఉపాధ్యాయురాలికి బొమ్మలు తెరుచుకోకపోతే, రక్షణ కోసం పెట్టిన గోడ ఆమెకూ పిల్లలకూ మధ్య నిలిచినట్టు అవుతుంది. రుతుక్రమం గురించి, వేధింపు నుంచి కాపాడుకోవడం గురించి తెలుసుకోవాలని వెతికే అమ్మాయికి ఖాళీ తెర కనిపించకూడదు. అందువల్ల ఏ పేజీని తెరిపించాలన్నా ఉపాధ్యాయులు ఆ రోజే తెరిపించుకోగలిగే సులువైన పద్ధతి ఒకటి వడపోతతో పాటే పెట్టండి.

నా అభిప్రాయంలో, ల్యాబులో తెరలన్నీ ఉపాధ్యాయునికి కనిపించేలా కంప్యూటర్లను గోడల వెంబడి వరుసగా అమర్చడం ఏ సాఫ్ట్‌వేరుకన్నా బాగా పని చేస్తుంది.

ప్రతి విద్యార్థి ఏం చూశాడో నమోదు చేయవచ్చా?

ఏ కంప్యూటరులో ఏ పీరియడ్‌లో ఎవరు కూర్చున్నారో ల్యాబు రిజిస్టరులో రాయించండి, అది చాలు. పిల్లల ప్రతి క్లిక్‌నూ రికార్డు చేసే సాఫ్ట్‌వేరు పెట్టవద్దు. ఆ రికార్డును చదివే తీరిక మన బడుల్లో ఎవరికీ లేదు, చదవని రికార్డు లీక్ అయ్యే ప్రమాదం మాత్రం ఉంటుంది.

పిల్లల వ్యక్తిగత సమాచారం విషయంలో చట్టం ఏం చెబుతోంది?

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. ప్రధాన బాధ్యతలకు అప్పటి నుంచి 18 నెలల గడువు ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు వారందరూ ఈ చట్టం దృష్టిలో పిల్లలే. సెక్షన్ 9 ప్రకారం వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన సమ్మతి కావాలి, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు, వారి ప్రవర్తనను వెంబడించకూడదు. చదువుకూ పిల్లల భద్రతకూ అవసరమైన మేరకు విద్యాసంస్థలకు నియమాల్లో కొంత సడలింపు ఉంది. బడికి ఉచితంగా వస్తున్న ఏ యాప్‌నైనా పిల్లల చేత తెరిపించే ముందు అది పేరు, ఫోన్ నంబరు, ఫొటో ఎందుకు అడుగుతోందో ప్రశ్నించండి. జవాబు లేకపోతే ఆ యాప్ వద్దు.

చట్టం సంగతి అలా ఉంచి, మన బడుల్లో రోజూ జరిగే కొన్ని పనులను ఈరోజే మార్చుకోవచ్చు. తరగతి మొత్తం ఆధార్ నంబర్ల జాబితాను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మానాలి. పని ఒత్తిడి వల్ల బడి యూడైస్ లాగిన్‌ను, పరీక్షల లాగిన్‌ను ఊరి నెట్ సెంటరు వారికి ఇచ్చి పని చేయించుకోవడం చాలా చోట్ల ఉంది. ఆ ఒత్తిడి నిజమైనదే. అయినా ఆ లాగిన్ లోపల ప్రతి పిల్లవాడి పుట్టినతేదీ, కులం, తల్లిదండ్రుల ఫోన్ నంబరు ఉన్నాయి. బయట చేయించక తప్పని రోజున మీరే పక్కన కూర్చుని, పని అయ్యాక పాస్‌వర్డ్ మార్చండి. అపార్ ఐడీకి (ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) తల్లిదండ్రుల సమ్మతి పత్రం తీసుకునేటప్పుడు అందులో ఏం రాసి ఉందో తెలుగులో వారికి చెప్పి సంతకం అడగండి.

ల్యాబు కంప్యూటర్లు పాతవి. వాడవచ్చా?

విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కని యంత్రాలను పారేయవద్దు, వాటిలో లినక్స్ వేయించండి. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే నడుస్తున్నాయి, ఆ పిల్లలు ఎవరికీ తీసిపోలేదు. పిల్లలు వాడే ఖాతాకు అడ్మిన్ అధికారం ఇవ్వకండి. ఆఫీసు ఫైళ్ల నకలును వారానికొకసారి బయటి హార్డ్‌డిస్కులోకి తీసి, ఆ డిస్కును కంప్యూటరు నుంచి విడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచిన డిస్కుకు కూడా రాన్సమ్‌వేర్ (డబ్బు కోసం ఫైళ్లను బంధించే వైరస్) తాళం వేసేస్తుంది.

విద్యార్థికి ఆన్‌లైన్‌లో వేధింపు ఎదురైందని తెలిస్తే ఏం చేయాలి?

ముందుగా ఆ పిల్లను నమ్మండి, తప్పు నీది కాదని చెప్పండి, ఫోను ఎందుకు వాడావని అడగకండి. ఆ ఒక్క ప్రశ్న విన్న పిల్ల మళ్లీ నోరు తెరవదు, ఆమెను చూసిన మిగిలిన పిల్లలూ తెరవరు. సందేశాలను చెరిపేయకుండా ఉంచండి. పిల్లల అశ్లీల చిత్రాలు ఏవైనా ఉంటే 'సాక్ష్యం కోసం' అని కూడా ఎవరికీ పంపకండి, ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద పంపడమే నేరం. లైంగిక నేరం అని అనుమానం ఉంటే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఊరి పెద్దల మధ్య సర్దుబాటు చేయడానికి ప్రధానోపాధ్యాయులకు అధికారం లేదు. పిల్లల సహాయానికి 1098, సైబర్ మోసాల్లో డబ్బు పోతే 1930. డబ్బు విషయంలో ఎంత త్వరగా ఫోన్ చేస్తే ఖాతా స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ.

నెలనెలా బిల్లు ఎవరు కట్టాలి?

సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటును కరెంటు, ఇంటర్నెట్ ఖర్చులకు వాడవచ్చు. ఆ గ్రాంటు విద్యార్థుల సంఖ్యను బట్టి 10,000 నుంచి 1,00,000 రూపాయల వరకు ఉంటుంది. 101 నుంచి 250 మంది ఉంటే 50,000 వస్తుంది. సుద్దముక్కలు, మరమ్మతులు కూడా అందులోంచే రావాలి గనుక చిన్న బడికి ఇది ఇరుకే. దాతలు ముందుకు వస్తే పరికరాలు కొనివ్వమని కాక, మూడేళ్ల బిల్లు ముందుగా కట్టమని అడగండి. ప్రారంభోత్సవం ఫొటో ఉండదు గాని బడికి మేలు జరుగుతుంది. ఒప్పందంలో ఎన్ని గంటల్లో బాగు చేస్తారో, చేయకపోతే బిల్లులో ఎంత తగ్గిస్తారో రాయించుకోండి.

బడిలో దీన్ని ఎవరు చూసుకోవాలి?

ఒక ఉపాధ్యాయుడికి, ఆయన సెలవులో ఉన్నప్పుడు చూసే మరొకరికి, పేరు పెట్టి అప్పగించాలి. పిల్లలను కూడా కలుపుకోండి. కేరళలో 2018 నుంచి 'లిటిల్ కైట్స్' పేరుతో ఉన్నత పాఠశాల విద్యార్థుల ఐటీ క్లబ్బులు నడుస్తున్నాయి. మన బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఆసక్తి ఉన్న ఆరుగురికి, అందులో ముగ్గురు అమ్మాయిలకు, కేబుల్ చివర బిగించడం, వేగం కొలవడం, దీపాల రంగులు చదవడం నేర్పండి. పాస్‌వర్డులు మాత్రం పెద్దల దగ్గరే ఉండాలి.

బదిలీల కాలంలో బడి నెట్‌వర్కు అనాథ అవుతుంది. వెళ్లే ఉపాధ్యాయుడు పాస్‌వర్డుల కవరును, కనెక్షన్ నంబరును, టెక్నీషియన్ ఫోన్ నంబరును, వేగం రాసిన పుస్తకాన్ని, ఏ కేబుల్ ఏ గదికి వెళుతుందో చూపే పటాన్ని చార్జి అప్పగింత కాగితాల్లో చేర్చి సంతకం తీసుకోవాలి. వేసవి సెలవులకు ముందు పరికరాల ప్లగ్గులు తీసేయండి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ నింపండి, ఏప్రిల్, మే బిల్లులు కట్టి ఉన్నాయో లేదో చూడండి. కట్టకపోతే కనెక్షన్ రద్దయి, మళ్లీ తెప్పించుకునే సరికి జూలై దాటుతుంది. జూన్‌లో బడి తెరవడానికి వారం ముందే ఒకరు వెళ్లి అన్నీ కలిపి, చివరి గది ప్యానెల్ మీద ఒక పాఠం నడిపి చూడాలి. ఆ వారంలో ఫిర్యాదు ఇస్తే పిల్లలు వచ్చే రోజుకు సరిచేయించుకునే వ్యవధి ఉంటుంది.